అడవే బడి అంటున్న అన్నలకు, అక్కలకు

పోస్టు పెద్దదే, ఓపిక చేసుకొని చదవండి.

నాలుగు రోజుల నుంచి మన గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది. హైదరాబాద్‌లో ఒక తల్లి తన ఇద్దరు పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకుంటోంది. వాల్డార్ఫ్ పద్ధతి అంట. ఏడో ఏడు దగ్గరికొచ్చే దాకా అక్షరాలు దిద్దించరు. మట్టి బొమ్మలు, మైనం రంగులు, పాటలు, కథలు, కాలం మారినప్పుడల్లా ఒక పండుగ. వీడియో బాగుంది, పిల్లలు ముద్దుగా ఉన్నరు. ఆ తల్లి మీద నాకే కోపం లేదు. దాని కింద మనోళ్లు రాసిన మాటల మీదే నా కోపమంతా. "మనకు అడవే బడి", "బడులే మనల్ని పాడు చేసినయ్", "మనం కూడా పిల్లల్ని ఇంటికాడనే ఉంచుకుందాం".

ఈ మాట రాసిన అన్నల్లో ఉద్యోగం ఉన్నవాళ్లని ఒకటి అడుగుతా. మీ పిల్లలు ఏ బడిలో ఉన్నరు? ఖమ్మంలోనో, కొత్తగూడెంలోనో ఇంగ్లిష్ మీడియంలో ఉన్నరు. మరి అడవి బడి ఎవరికి? ఊళ్లో మిగిలిన మా తమ్ముళ్లకా?

ఇంటి చదువు నడవాలంటే ఇంట్లో ఒక పెద్ద మనిషి ఖాళీగా ఉండాలి. చదువుకొని ఉండాలి. రేపు ఓపెన్ స్కూల్ పరీక్ష కట్టించాలన్నా, ఫారం నింపాలన్నా తెలిసి ఉండాలి. మా అమ్మ మిరప కోతలకు పోతే చీకటి పడ్డాకే వస్తది. ఎండాకాలం తునికాకు. తెల్లవారకముందే అడవికి పోయి, పగలంతా కట్టలు కట్టి, సాయంత్రం కల్లం దగ్గర లెక్క అప్పజెప్పాలి. అప్పుడు ఇంట్లో ఉన్న ఆరేళ్ల పిల్ల ఏం చేస్తది? చంటి తమ్ముణ్ని ఎత్తుకుంటది. మన ఊళ్లల్లో హోమ్ స్కూలింగ్ అంటే అదే. దానికి మనోళ్లు ఎప్పట్నుంచో పెట్టుకున్న పేరు వేరే ఉంది, బడి మానేయడం.

ఇంకో సంగతి. ఈ పద్ధతి ఇంటి చదువుగా పుట్టలేదు. 1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో వాల్డార్ఫ్-ఆస్టోరియా అనే సిగరెట్ ఫ్యాక్టరీ ఉండేది. దాని యజమాని ఎమిల్ మోల్ట్, తన కార్మికుల పిల్లల కోసం బడి పెట్టమని రుడాల్ఫ్ స్టైనర్‌ను అడిగిండు. పేరు అట్లా వచ్చింది. సిగరెట్లు చుట్టేవాళ్ల పిల్లల కోసం పుట్టిన బడి అది. ఇప్పుడు నగరంలో ఫీజు కట్టగలిగినోళ్లకే అందుతోంది. బీడీ ఆకు కోసే మన పిల్లలకు మాత్రం, మీరు ఇంటికాడ ఉండండి, అడవే మీ బడి అని సలహా! (స్టైనర్‌ని దేవుణ్ని చేసేవాళ్లు ఆయన రాతలు కూడా ఒకసారి చూడండి. మనుషుల జాతుల్ని మెట్లు మెట్లుగా పేర్చి తెల్లవాళ్లను పైన కూర్చోబెట్టిండు. ఆ మెట్లలో మన చోటు ఎక్కడో నేను చెప్పక్కర్లేదు.)

అయినా ఆ పద్ధతిలో మంచి ఉంది, ఎందుకు లేదంటా? చిన్న పిల్లలకు చేతులతో, పాటతో, కథతో చదువు మొదలుపెట్టాలన్నది నూటికి నూరు పాళ్లు నిజం. అది మన బడిలో లేకపోవడం వల్ల ఏమవుతదో నేను పడ్డాను కాబట్టి చెప్తున్నా. ఒకటో తరగతిలో దాహమేసి సారుని "ఏరు" అడిగాను. కోయలో ఏరు అంటే నీళ్లు. తెలుగులో వాగు. "ఏరు కావాలంటే ఊరవతలికి పో" అన్నడు సారు. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత చాలా రోజులు నేను బడిలో నోరు తెరవలేదు. మొద్దు అని పేరు పెట్టారు. అదే సంవత్సరం ఇంట్లో తునికాకు కట్టలు కట్టేటప్పుడు కట్టకు 50 ఆకులు తప్పు లేకుండా లెక్కపెట్టేవాణ్ని. బడిలో లెక్కలేమో యాపిల్ పండ్లతో చెప్పేవాళ్లు. యాపిల్‌ని నేను మొదటిసారి నిజంగా చూసింది హాస్టల్లో చేరాక.

వాల్డార్ఫ్‌లో కాలానికో పండుగ అని మురిసిపోతున్నరు కదా. మనకు భూమి పండుగ లేదా, కొత్తల పండుగ లేదా? కొమ్ము డోలు లేదా? మణుగూరు దగ్గర సకిని రామచంద్రయ్య గారు డోలి వాయిస్తూ సమ్మక్క, సారలమ్మల కథ కోయలో పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అంత మనిషిని పిలిచి చిన్న పిల్లలకు వారానికి రెండు రోజులు కథ చెప్పండి, జీతం ఇస్తాం అన్న బడి ఒక్కటి ఉందా? పోయినాక ఫొటోలకు దండలు వేయడం అందరికీ వచ్చు.

ఇవేమీ గొంతెమ్మ కోరికలు కాదు. చిన్న తరగతుల్లో తల్లి భాషలో బోధించే ఏర్పాటు చేయాలని రాజ్యాంగంలోనే 350ఎ ఉంది. 1940లలోనే ఆదిలాబాద్ మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ ఇప్పించి, గోండి వాచకాలు తయారు చేయించారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయ, గోండి, కొలామి, సవర, కువి ఇట్లా ఎనిమిది భాషల్లో పిల్లల పుస్తకాలు అచ్చు వేశారు. అంటే చేయొచ్చని రెండుసార్లు రుజువైంది. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో నంబర్ 3 కూడా 2000లో వచ్చింది. దాన్ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ రోజు మనం ఉద్యోగాలు పోయాయని మాత్రమే ఏడ్చాం. "ఏరు" అంటే నీళ్లు అని తెలిసిన టీచర్ పోయిందని ఎవరూ అనలేదు. నాకు అన్నిటికన్నా పెద్ద నష్టం అదే.

ఇప్పుడు మనమే పిల్లల్ని ఇంటికాడ ఉంచుకుంటే ఏమవుతది? రిజిస్టర్లో సంఖ్య తగ్గుతది. సంఖ్య తగ్గితే బడి ఎత్తేయడానికి కాగితం రెడీగా ఉంటది. అడవే బడి అన్న మాట మన నోట్లోంచి రావాలని కాచుకొని ఉన్నోళ్లు ఉన్నరు అన్నా. పోస్టు మిగిలిపోతది, బిల్డింగ్ మిగిలిపోతది, మనమేమో సంస్కృతి కాపాడుకున్నాం అని స్టేటస్ పెట్టుకుంటాం.

మట్టి, పాట, డోలు, మన మాట అన్నీ బడి లోపలికి రావాలి. అంగన్‌వాడీలో, ఒకటి రెండు తరగతుల్లో. చెప్పేవాళ్లు మన ఊరి వాళ్లే కావాలి, జీతంతో. సేవ అని పొగిడి ఉత్త చేతులతో పంపే పద్ధతి వద్దు.

వచ్చే సెలవులకు అందరం ఊళ్లకు పోతాం కదా. మీ ఊరి అంగన్‌వాడీలో, ఒకటో తరగతిలో పిల్లలతో ఏ భాషలో మాట్లాడుతున్నరో, మన భాష పుస్తకం ఒక్కటైనా ఉందో లేదో, టీచర్‌కి మన భాష వచ్చో రాదో చూసి, మండలం, ఊరు పేరుతో ఈ పోస్టు కింద రాయండి. టీచర్ పేరు వద్దు. వచ్చినవన్నీ కలిపి వినతిపత్రం నేను రాస్తాను. సోమవారం గిరిజన దర్బార్‌లో పీవో గారికి ఇవ్వడానికి భద్రాచలం దగ్గరున్న నలుగురు నాతో రావాలి. ఎవరెవరు వస్తారో ఇప్పుడే చెప్పండి.