గేరు కదిలితే సరిపోదు

కుక్కర్‌లో ఆవిరి ఉన్నంతసేపు మూత రాదు. రావడం లేదు కదా అని మనం స్క్రూడ్రైవర్ పెట్టి తెరవం. ఎందుకు రావట్లేదో తెలుసు కాబట్టి ఆగుతాం. అదే ఆటోమేటిక్ కారు గేరు "పి" దగ్గర బిగుసుకుపోయి రానంటే మాత్రం "ఆయన చూసుకుంటారులే" అని పక్క సీట్లో చేతులు కట్టుకుని కూర్చుంటాం. ఆ కూర్చోవడం మనం మానెయ్యాలి. డ్రైవింగ్ వచ్చినా రాకపోయినా సరే. ఎందుకంటే ఆ కారులో వెనక సీట్లో ఉండేది మన పిల్లలు, మన అత్తమ్మలు.

ముందు మీ కారుకు అసలు "పి" ఉందో లేదో చూడండి. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర ఏఎంటీ కార్లు మొదలయ్యాయి. క్లచ్ పెడల్ లేకున్నా లోపల అది మామూలు గేర్‌బాక్సే. అలాంటి చాలా కార్లలో "పి" ఉండదు, ఎన్, డి, ఆర్ లాంటివే ఉంటాయి. సీవీటీ లాంటి ఆటోమేటిక్‌లలో "పి" ఉంటుంది. గేరు అక్కడ పెడితే లోపల ఒక పళ్ల చక్రంలో చిన్న ఇనుప కొక్కెం పడి కారును కదలనివ్వదు. దానికి తోడు ఇంకో తాళం ఉంటుంది. బ్రేక్ తొక్కితేనే ఆ తాళం విడిచి గేరును రానిస్తుంది.

ఈ రెండో తాళం ఊరికే పెట్టింది కాదు. 1980లలో అమెరికాలో ఆడీ 5000 కార్లు ఉన్నట్టుండి ముందుకు దూకుతున్నాయని పెద్ద గొడవ జరిగింది. అప్పుడు ఆ కంపెనీ బ్రేక్ తొక్కితేనే "పి" నుంచి గేరు వచ్చే ఏర్పాటు పెట్టింది. చాలా ఘటనల్లో బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కారని 1989లో అక్కడి ప్రభుత్వ నివేదిక తేల్చింది. తర్వాత పిల్లల భద్రత కోసం చేసిన చట్టం కింద, 2010 సెప్టెంబరు 1 నుంచి తయారయ్యే ఆటోమేటిక్ కార్లన్నిటికీ అక్కడ ఈ తాళం తప్పనిసరి అయింది. ఇంటి ముందు ఆపిన కారులో పిల్లాడు ఆడుకుంటూ గేరు లాగేస్తే కారు జారిపోకుండా కాపాడేది ఇదే. కాబట్టి "ఈ లాక్ పీకించేస్తే పీడ పోతుంది" అని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి.

ఇక గేరు ఎందుకు రాదు? చాలాసార్లు కారణం చిన్నదే. బ్రేక్ పెడల్ కింద నీళ్ల సీసా దొర్లి ఉండొచ్చు, మ్యాట్ మడతపడి ఉండొచ్చు. బటన్ స్టార్ట్ కారులో బ్రేక్ తొక్కకుండా బటన్ నొక్కితే పాటలు వస్తాయి కానీ గేరు రాదు. బ్యాటరీ నీరసపడితే తాళం విడవడానికి కరెంటు చాలదు. పిల్లలు గేరు సందులో కూల్‌డ్రింక్ ఒలికిస్తే చక్కెర అతుక్కుని లోపలి భాగాలు పట్టేస్తాయి. వాలులో హ్యాండ్‌బ్రేక్ వేయకుండా "పి"లో పెట్టి వదిలేస్తే కారు బరువంతా ఆ చిన్న కొక్కెం మీదే పడి బిగుసుకుంటుంది. అందుకే ముందు హ్యాండ్‌బ్రేక్, తర్వాత "పి". ఈ వరస ఇంట్లో అందరికీ అలవాటు చేయాలి.

వీటన్నిటికంటే నేను ముఖ్యమనుకునేది బ్రేక్ స్విచ్. పెడల్ పైభాగాన ఉండే చిన్న వస్తువు. మనం బ్రేక్ తొక్కామని కారుకు కబురు చెప్పేది అదే. వెనక ఎర్ర లైట్లు వెలిగించేదీ, గేరు తాళం విడిపించేదీ చాలా కార్లలో అదే. అది పాడైనా, దాని ఫ్యూజ్ పోయినా గేరు రాదు, వెనక బ్రేక్ లైట్లూ వెలగవు. బటన్ స్టార్ట్ కార్లలో ఇంజను కూడా మొరాయించవచ్చు.

ఇది మాకు మిర్యాలగూడలో ఎదురైంది. మా ఆడబిడ్డ కూతురి ఓణీల ఫంక్షన్ అయ్యేసరికి రాత్రి ఎనిమిదిన్నర. అత్తమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టి సూర్యాపేట బయల్దేరబోతే గేరు కదల్లేదు. మా ఆడబిడ్డ కొడుకు ఫోన్‌లో చూసి గేరు పక్కనున్న చిన్న మూత తీసి, లోపల నొక్కి విడిపించాడు. అందరూ శభాష్ అన్నారు. నేను బయట నిలబడి ఉన్నాను. మా ఆయన బ్రేక్ మీద కాలు పెట్టే ఉన్నారు, కానీ కారు వెనకున్న గోడ మీద ఎర్రటి వెలుగు పెరగలేదు.

"బ్రేక్ లైట్లు వెలగట్లేదండీ" అన్నాను.

"ఎర్ర లైట్లు కనపడుతున్నయిగా?"

"అవి హెడ్‌లైట్లతో పాటు వెలిగేవి. మీరు బ్రేక్ తొక్కితే ఇంకా ఎక్కువ వెలగాలి కదా. వెలగట్లేదు."

"గేరు వచ్చింది కదా, మెల్లగా పోదాం. పొద్దున సూర్యాపేటలో చూపిద్దాం."

"మనం మెల్లగా పోతే వెనక వచ్చే లారీకి ఎట్లా తెలుస్తది? అత్తమ్మతో ఈ రాత్రి ఈ కారులో నేను ఎక్కను."

కాసేపు ముఖాలు మాడ్చుకున్నాం. అత్తమ్మే "ఆ పిల్ల చెప్పింది నిజమే, పొద్దున పోదాం" అన్నది. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి అరగంటలో బ్రేక్ స్విచ్ మార్చాడు. ఏం పోయిందని అడిగింది నేనైతే జవాబు మాత్రం మా ఆయన వైపు తిరిగి చెప్పాడు. అది వేరే సంగతి, దాని మీద ఇంకోసారి రాస్తాను.

ఇందులో నా తెలివి ఏమీ లేదు. గోడ వైపు చూశానంతే. కానీ ఆ రాత్రి బయల్దేరి ఉంటే? మిర్యాలగూడ రోడ్ల మీద బియ్యం లారీలు, హుజూర్‌నగర్ వైపు నుంచి సిమెంటు లారీలు, సూర్యాపేట, కోదాడ దగ్గర హైదరాబాద్-విజయవాడ హైవే. వెనకవాడికి మన బ్రేక్ లైటు ఒక్కటే మాట. ఆ మాట పలకని కారును అక్కడికి తీసుకెళ్లడం ధైర్యం అనిపించుకోదు. గేరు విడిపించే ఆ చిన్న రంధ్రం కారును దారికి అడ్డం లేకుండా పక్కకు తీయడానికి, లేదా మెకానిక్ దగ్గరికి చేర్చడానికి. ప్రయాణానికి అనుమతి పత్రం కాదు.

దాన్ని వాడాల్సి వస్తే ఈ వరస గుర్తుంచుకోండి. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగాలి. బ్రేక్ మీద కాలు ఉండాలి. కారు ముందూ వెనకా మనుషులు ఉండకూడదు. అప్పుడే మూత తీసి లోపల నొక్కుతూ గేరును ఎన్‌లోకి తేవాలి. అన్ని కార్లకూ ఈ సదుపాయం ఉండదు. మీ కారుకు ఎక్కడుందో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఫ్యూజ్ పోతే అదే ఆంపియర్‌ది వేయాలి. 10 ఆంపియర్‌ది ఎరుపు, 15ది నీలం రంగులో ఉంటాయి. పెద్దది వేయడం, వెండి కాగితం చుట్టడం వైర్లు కాల్చుకునే పని. జాతీయ రహదారి మీద ఆగిపోతే 1033కి ఫోన్ చేయండి.

"ఇంటి పనే తెమలదు, ఇప్పుడు కారు సంగతి కూడా మన నెత్తినేనా?" అని మీలో కొందరు అంటారు. న్యాయమైన మాటే. కారు బాగుచేసే పని నెత్తిన వేసుకోమని నేను అనడం లేదు. "ఇప్పుడు వద్దు" అని చెప్పగలిగేంత తెలుసుకోమంటున్నాను. కారణం తెలియకుండా వద్దంటే మనది భయం అంటారు. కారణం చెప్పి వద్దంటే ఆగి వింటారు, కనీసం అత్తమ్మలైనా వింటారు.

ఈ రాత్రే ఒక పని చేయండి. కారును గోడకు వీపు పెట్టి ఆపించండి. కారుకూ గోడకూ మధ్యకు వెళ్లకుండా పక్కగా నిలబడి, లోపలున్న వాళ్లను బ్రేక్ తొక్కమనండి. గోడ ఎర్రగా వెలిగితే మంచిది. వెలగకపోతే ఆ కారు పొద్దున బడికి పోదు, మెకానిక్ దగ్గరికి పోతుంది. ఆ మాట ఇంట్లో మీరే చెప్పండి.