తులం అత్తరు, పేరు లేని చేయి

తాయిఫ్ గులాబీ గురించి రాసేవాళ్లంతా పువ్వు గురించే రాస్తారు. రేకుల రంగు, కొండ గాలి, రాజకుటుంబాలు ఇచ్చిపుచ్చుకునే చిన్న సీసాలు అన్నీ చెబుతారు. బట్టీ ముందు రాత్రంతా మేలుకుని మంట చూసుకునే మనిషి గురించి ఒక్క పేరా రాసినవాళ్లు నాకు కనిపించలేదు. జెద్దాలో ఇన్నేళ్లుగా ఉంటూ ఏ తెలుగు పత్రికలోనూ ఆ మాట చదవలేకపోయినందుకు నాకు కష్టంగా ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

మక్కా దాటి హదా ఘాట్ రోడ్డు ఎక్కితే గంటలోపే ఉక్కపోత వెనకబడిపోతుంది. సరవాత్ కొండల మీద, సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున తాయిఫ్ ఉంది. దాని చుట్టూ హదాలో, ఇంకా ఎత్తైన షఫాలో, వాలు మీద మెట్లు మెట్లుగా కట్టిన మళ్లలో వందల గులాబీ తోటలున్నాయి. ముప్పై రేకుల డమాస్క్ గులాబీ ఇది. బల్గేరియాలో కజన్లక్ లోయలో, టర్కీలో ఇస్పార్తాలో పండేదీ ఈ జాతే. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆరేడు వారాలు పూస్తుంది. తర్వాత మళ్లీ ఏడాది దాకా పువ్వు లేదు. ఎండ తగిలితే రేకుల్లోని సుగంధం గాలిలో కలిసిపోతుంది కాబట్టి చీకటి ఉండగానే కోత మొదలవుతుంది. కోసిన పువ్వు ఆ ఉదయమే బట్టీకి చేరాలి.

నేను వెళ్లిన బట్టీలో మంట దగ్గర ఉన్నది జగిత్యాల జిల్లా తమ్ముడు. తెలుగు వినగానే "అన్నా, ఏ ఊరు?" అని లేచి నిలబడ్డాడు. అతని పేరు ఇక్కడ రాయడం లేదు, అతని ఉద్యోగం అతనికి ముఖ్యం. లోపల కళాయి పూసిన పెద్ద రాగి పాత్రలు వరసగా ఉన్నాయి. ఒక్కో పాత్రలో వేలకొద్దీ పూలు పోసి, నీళ్లు నింపి, మూతి చుట్టూ ఆవిరి పోయే సందు లేకుండా బిగిస్తారు. మూత నుంచి బయలుదేరిన గొట్టం చల్లటి నీళ్ల తొట్టి గుండా దిగి పొడుగు మెడ గల గాజు సీసాలోకి వస్తుంది. గంటలకొద్దీ కాగిన తర్వాత సీసా నిండా గులాబీ నీరు, ఆ నీటి మీద మెడ దగ్గర పలుచటి పసుపు పొరలా నూనె. ఆ పొరే అత్తరు. పన్నెండు వేల పూలకు ఒక తులం వస్తే మంచి దిగుబడి అంటారు. తులం అంటే మన బంగారం తులమే, 11.66 గ్రాములు. ధర వెయ్యి రియాళ్లు దాటుతుంది. మొదటిసారి కాచినప్పుడు దిగిన నీటిని అరూస్ అంటారు, అంటే పెళ్లికూతురు. దానికి మళ్లీ వేరే గిరాకీ.

చెప్పడానికి ఇంతే. చేయడం వేరు. "మంట ఎక్కువైతే పువ్వు అడుగంటుతదన్నా, నీళ్లకు మాడు వాసనొస్తది, అంతా పాయె. తక్కువైతే నూనె లేవదు" అన్నాడు తమ్ముడు. పాత్రలో ఉడుకు చప్పుడు మారితే పక్క గదిలో ఉన్నా అతనికి తెలుస్తుంది. గొట్టం ముట్టుకుని తొట్టిలో నీళ్లు ఎప్పుడు మార్చాలో చెప్పగలడు. తెల్లవారుజామున హదాలో చలి పెరిగితే గులాబీ నూనె నెయ్యిలా పేరుకుంటుంది. అప్పుడు దాన్ని చుక్క వృథా కాకుండా తీయాలంటే చేతికి ఓపిక కావాలి, కంటికి లెక్క కావాలి. ఇవి ఏ కాగితం మీదా రాసి లేవు. తనకు ముందు అక్కడ పనిచేసిన పెద్దాయన పక్కన నిలబడి చూసి చూసి నేర్చుకున్నానని చెప్పాడు. ఆ పెద్దాయనది బంగ్లాదేశ్. ఆయన పేరూ ఎక్కడా లేదు.

స్కాట్లండ్‌లో ఇదే పని చేసే మనిషికి ఎంత మర్యాద! అక్కడి విస్కీ బట్టీలు చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచి జనం టికెట్టు కొనుక్కుని వెళతారు. ఆ రాగి పాత్ర ఎప్పటిది, ఆ ఊరి నీటి గుణమేమిటి అని గంటసేపు చెబుతారు. బట్టీ పెద్దమనిషి పేరు కొన్ని సీసాల మీద అచ్చవుతుంది, సంతకంతో సహా. బెంగళూరులో తయారయ్యే అమృత్ విస్కీ గురించి కూడా మన పత్రికలు గర్వంగానే రాశాయి. నాకు వాటి మీద కోపం లేదు. కానీ ఆవిరి పట్టి సారం దించే విద్యకు వేర్లు ఈ అరబ్బు నేలల్లో ఉన్నాయి. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ కిందీ సుగంధాల తయారీ మీద పుస్తకమే రాశాడు, అందులో వందకు పైగా పద్ధతులున్నాయి. సౌదీలో 1952 నుంచి మద్యం నిషేధం. ఇక్కడ ఆ విద్య పువ్వుకే అంకితమైంది. అదే పాత్ర, అదే ఆవిరి, అదే నేర్పు. విస్కీ దించినవాడు కళాకారుడు, అత్తరు దించినవాడు కూలి. ఈ తేడా ఎవరు పెట్టారు?

ఈ కథలో మనవాళ్లు నిన్న మొన్న వచ్చి చేరినవాళ్లు కారు. 1814లో ఇక్కడికి వచ్చిన స్విస్ యాత్రికుడు బర్కార్ట్ తాయిఫ్ తోటల గులాబీలు హిజాజ్ ప్రాంతమంతటికీ వెళ్తాయని రాసుకున్నాడు. తాయిఫ్ అత్తరు కుటుంబాలు తరతరాలుగా చెప్పుకునే కథనం ప్రకారం, ఒకప్పుడు పూలను సంచుల్లో కట్టి ఒంటెల మీద మక్కాకు దించేవారు. అక్కడ వాటిని కాచినవాళ్లు హిందూస్తాన్ నుంచి హజ్‌కు వచ్చి స్థిరపడిన అత్తరు పనివాళ్లు. ఆ తర్వాతే బట్టీలు కొండ మీదికి వచ్చాయి. కన్నౌజ్‌లో డేగ్, భప్కా అని పిలిచే రాగి పాత్రలతో ఇప్పటికీ అత్తరు తీస్తారు. ఆ పాత్రలను, ఈ పాత్రలను పక్కపక్కన చూస్తే చుట్టరికం కంటికి కనిపిస్తుంది. అత్తరును ఇక్కడ తులాల్లో తూచడం కూడా మన దేశం నుంచి సముద్రం దాటి వచ్చిన అలవాటే. మక్కాలో నిజాం పేరు మీద రుబాత్, అంటే యాత్రికుల సత్రం ఉంది. పాత హైదరాబాద్ సంస్థానపు హాజీలకు అది ఉచితంగా బస ఇస్తూ వచ్చింది. బస ఇచ్చిన ప్రభువు పేరు నిలిచింది. జంజం నీటిలో గులాబీ నీరు కలిపి కాబాను కడుగుతారు, గులాబీ నూనె పూస్తారు. అంతటి చోటుకు పరిమళాన్ని కాచి ఇచ్చిన ఆ హిందూస్తానీ పనివాళ్లలో ఒక్కరి పేరైనా మన చరిత్ర పుస్తకాల్లో వెతకండి. దొరకదు.

2024 డిసెంబర్‌లో పరాగ్వేలో జరిగిన సమావేశంలో యునెస్కో తాయిఫ్ గులాబీ సంప్రదాయాలను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. నిజంగా సంతోషించాను. ఎండకు, కరవుకు తట్టుకుని ఆ తోటలు నిలబెట్టిన సౌదీ రైతు కుటుంబాలకు అది దక్కాల్సిన గౌరవమే. ఆ గౌరవంలో మంట దగ్గరివాడికి ఒక పిడికెడైనా రావాలని అడగడం తప్పా? 2021 మార్చి 14న సౌదీలో కార్మిక సంస్కరణ అమల్లోకి వచ్చింది. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించింది. ఇంటి పనివాళ్లు, ఇళ్ల డ్రైవర్లు, గొర్ల కాపర్లు, తోట పనివాళ్లు దాని బయటే ఉండిపోయారు. తమ్ముడి ఇఖామాలో (నివాస అనుమతి పత్రంలో) ఉన్నది మజ్రా (తోట) పని. అంటే ఎంత నేర్పున్నా, పక్క బట్టీవాడు ఎక్కువ జీతం ఇస్తానన్నా అతను సొంతంగా కదలలేడు.

పరాయి దేశాన్ని అనేముందు మన ఇంటి సంగతి చెప్పాలి. మన దగ్గర గల్ఫ్ అంటే మూడే వార్తలు: ఏజెంటు మోసం, ఎడారిలో గొర్లు కాసి తప్పించుకొచ్చినవాడి గోడు, శంషాబాద్‌లో దిగిన శవపేటిక. అవి నిజాలే, రాయాల్సినవే. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి 5 లక్షలు ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది, దానికి దండం పెడతాను. బతికి తిరిగొచ్చినవాడి చేతిలో ఉన్న విద్యకు మాత్రం మన ఏ రిజిస్టరులోనూ గడి లేదు. బోడుప్పల్‌లో సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఉంది. సుగంధ మొక్కల సాగు, నూనె తీయడం నేర్పడం కూడా దాని పనే. 2017 నుంచి కేంద్ర ప్రభుత్వం అరోమా మిషన్ నడుపుతోంది. నిమ్మగడ్డి, పామరోజా నూనె తీయడానికి రైతుల ఊళ్లలో బట్టీలు పెట్టిస్తోంది. ఆ బట్టీల దగ్గర మంట చూసుకోవడానికి తెలిసిన మనిషి కావాలి. అలాంటి మనిషి కొండగట్టు పక్క ఊళ్లో, సెలవు మీద వచ్చి, మళ్లీ వీసాకు అప్పు వెతుక్కుంటూ ఉంటాడు. ఆ బట్టీని, ఈ మనిషిని కలిపే మాట ఎవరూ అనుకోలేదు. మన పెళ్లిళ్లలో పన్నీటి బుడ్డి ఎత్తి అతిథుల మీద చల్లుతాం. ఆ పన్నీరు దించడం తెలిసినవాడు మన మధ్యే ఉంటే అతణ్ని లేబరు అని పిలుస్తాం.

హైదరాబాద్‌లో టామ్‌కామ్ ఉంది, విజయవాడలో ఓంక్యాప్ ఉంది. రెండూ మనవాళ్లను విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలే. వాళ్లను నేను అడిగేది పెద్ద ఖర్చు పనేమీ కాదు. తిరిగొచ్చినవాళ్లను కూర్చోబెట్టి ఏం చేశావు, ఏం నేర్చుకున్నావు అని అడగండి, రాసుకోండి. ముందు నేర్చుకున్న పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్రం దగ్గర ఇప్పటికే ఉంది. అందులో అత్తరు బట్టీ పనిని చేర్చమని పట్టుబట్టండి. తమ్ముడి కాంట్రాక్టు మళ్లీ పూల కాలం వచ్చేలోపు అయిపోతుంది. జగిత్యాలలో ఏజెంటు కొత్త ఫారం నింపేటప్పుడు వృత్తి అన్న చోట ఇప్పుడైతే 'మజ్రా లేబర్' అనే రాస్తాడు. అక్కడ 'అత్తరు బట్టీ నిపుణుడు' అని రాయించే దిశగా మొదటి అడుగు మీరు వేయగలరు. ఆ ఒక్క మాటతో అతని జీతమూ మారవచ్చు, అతనితో యజమాని మాట్లాడే తీరూ మారవచ్చు.