బంతికి ఎంతమంది?

పెళ్లికి రెండువేల మంది వస్తారని చెబితే వంటాయనకు సరిపోదు. 'బంతికి ఎంతమంది కూర్చుంటారు?' అన్నది ఆయన తరవాతి ప్రశ్న. ఆ రెండువేల మందీ విడతలు విడతలుగా వస్తే రెండొందల విస్తళ్లు పట్టే పందిరి చాలు. తలంబ్రాలు అవగానే అందరూ ఒక్కసారే లేచారనుకోండి... గంగాళాల నిండా పప్పూ కూరా ఉన్నా వడ్డించేవాళ్లు చాలరు! వెబ్‌సైట్లు నడిపేవాళ్ల తలనొప్పి సరిగ్గా ఇదే.

అమెరికాలో 2013 అక్టోబరు 1న ఏం జరిగిందో చూడండి. ఆరోగ్య బీమా లేనివాళ్ల కోసం అక్కడి ప్రభుత్వం హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే సైట్ తెరిచింది. పాత జబ్బులున్నాయని బీమా కంపెనీలు తిప్పి పంపేసినవాళ్లు కూడా దానికోసం ఎదురుచూస్తున్నారు. ఒకే సమయంలో 50 నుంచి 60 వేలమంది వస్తారని అధికారుల అంచనా. వచ్చింది రెండున్నర లక్షలు. తొలిరోజు గడిచేసరికి బీమాకు నమోదు కాగలిగినవాళ్లు... అక్షరాలా ఆరుగురు!

జనం ఎక్కువయ్యారు, సైట్ కూలింది అని సరిపెట్టుకోవడానికి లేదు. ప్రారంభానికి కొద్దిరోజుల ముందు జరిపిన పరీక్షలో, కొన్ని వందలమంది ఒకేసారి వచ్చినట్టు చేస్తేనే అది బిగుసుకుపోయింది. అది తెలిసీ ముహూర్తం మార్చలేదు. పైగా, బీమా ధరలు చూడాలంటే ముందు ఖాతా తెరవాలన్న నిబంధన ఒకటి. దాంతో ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్లు కూడా ఒకే గుమ్మం దగ్గర గుమిగూడారు. అక్కడే మొదట కిక్కిరిసింది.

ఆ పరీక్ష పేరే లోడ్ టెస్టింగ్. జేమీటర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో ఉత్తుత్తి జనాన్ని సృష్టించి సైట్ మీదికి వదులుతారు. మొదట వందమంది, తరవాత రెండొందలు, ఐదొందలు... ఎక్కడో ఒకచోట పేజీ తెరుచుకునే సమయం హఠాత్తుగా పెరిగిపోతుంది. అదీ సర్వర్ అసలు సత్తా. చాలామంది మొదటి పేజీని మాత్రం పరీక్షించి సంబరపడతారు. చతికిలపడేదేమో లాగిన్ దగ్గరో, డబ్బు కట్టే చోటో! సగటు లెక్క కూడా మోసం చేస్తుంది. సగటున రెండు సెకన్లే అని చూపించినా, వందలో ఐదుగురు అర నిమిషం కాచుకుని కూర్చుని ఉండొచ్చు.

ఇక లెక్క. రోజుకు లక్షమంది వచ్చి, తలా పది పేజీలు చూస్తారనుకుందాం. మొత్తం పదిలక్షల పేజీలు. ఇరవైనాలుగు గంటలకూ సమానంగా పంచితే సెకనుకు పన్నెండే. అందులో సగం మొదటి గంటలోనే వచ్చిపడితే సెకనుకు దాదాపు 140! పరీక్షా ఫలితాలు విడుదలైన రోజున జరిగేది ఈ రెండోదే. తత్కాల్ టికెట్లు తెరిచే నిమిషం సంగతి చెప్పక్కర్లేదు. అందుకే ఐఆర్‌సీటీసీ 2014లో కొత్త వ్యవస్థ తెచ్చినప్పుడు సామర్థ్యాన్ని నిమిషాల లెక్కలోనే చెప్పింది. అంతకుముందు నిమిషానికి 2,000 టికెట్లు ఇచ్చేది, కొత్తదాంతో 7,200 ఇవ్వగలదన్నమాట.

షామియానాలు అద్దెకు తెచ్చుకున్నట్టు సర్వర్లనూ ఒక్కరోజుకు అద్దెకు తెచ్చుకునే వీలుంది కదా అంటారా? ఉంది. కానీ పందిళ్లు పది వేసినా వంటశాల ఒక్కటే అయితే లాభం లేదు. ఆ వంటశాల పేరు డేటాబేస్. అన్ని సర్వర్లూ గిన్నె పట్టుకుని అక్కడికే పరిగెడతాయి మరి!

అమెరికావాళ్లు బయటి నుంచి ఇంజినీర్లను పిలిపించి రాత్రింబవళ్లు మరమ్మతులు చేయించారు. ఖాతా తెరవకుండానే ధరలు చూసే వీలు కల్పించారు. జనం మరీ ఎక్కువైతే కాసేపు ఆపే వరస పద్ధతి పెట్టారు. ఒకేసారి 50 వేలమందిని తట్టుకుంటుందని డిసెంబరు 1న ప్రకటించారు. అక్టోబరు 1కి వేసుకున్న అంచనా కూడా ఇంచుమించు అంతే.