ఆపన్నుల మొరకు వెల కట్టరాదు



ఆపదలోనున్న యోడ మొరకు తక్కిన వార్తలన్నిటికంటె ముందుగా బదులీయవలయునని 1906లోనే బెర్లిను నగరమున కూడిన దేశములు కట్టడి చేసికొన్నవి. అమెరికా, సోవియట్ రష్యాలు తమ వైరమును ప్రక్కకు నెట్టి, కెనడా ఫ్రాన్సులతో గూడి నెలకొల్పినదియు, 1982 నుండి ఉపగ్రహములద్వారా నావికుల, వైమానికుల ఆపత్సంకేతముల నాలకించుచున్నదియు నగు కాస్పాస్-సార్సాట్ వ్యవస్థ, మొరపెట్టినవానిని రుసుము అడిగి యెఱుగదు. మన ఇస్రోయు నందు భాగస్వామియే.

ఇట్టి సంప్రదాయముండగా, సెల్ సిగ్నలు లేనిచోట అక్కఱకు వచ్చు, చేతిఫోనులోని ఆపత్కాల ఉపగ్రహసేవకు చందా యేల? ఆపిల్ సంస్థ 2022 నవంబరులో అమెరికా, కెనడాలయందు ఐఫోన్ 14తో ఈ సేవ నారంభించి, రెండేండ్లు ఉచితమని ప్రకటించి, పిమ్మట గడువును పొడిగించినది. సంతోషమే, కాని గడువున్నంతకాలము అది దయయే గాని హక్కు కాదు.

ఉపగ్రహములు ఊరక తిరుగునా యని కొంద ఱడుగుదురు. తిరుగవు. అయినను ఈ సేవలో సాగునది సంభాషణము గాదు. ఫోనును ఆకాశమువంకకు త్రిప్పి పంపెడి నాలుగు ముక్కల సందేశము, చెట్టు అడ్డులేనిచో 15 సెకండ్లలో పోవునది. కబుర్లకును, వ్యాపారమునకును ఉపగ్రహమును వాడుకొనువారియొద్ద కంపెనీలు తమకు తోచినంత పుచ్చుకొనవచ్చును. ఆపత్సేవకు మాత్రము చందా తగదు; ఏలయన, చందా యనునది ముందుచూపు గలవాడు కట్టునది. ఆపదయో, ముందుగా తలపోయనివానిమీదనే తఱచుగా వచ్చి పడును. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున సెల్ టవర్లను మూగవోజేసిననాడు, అంతటి మహానగరవాసులలో నెవడు అట్టి దినమునకై నెలనెలా పైకము కట్టి యుండును? సిగ్నలు కొఱకు గుట్ట యెక్కు మన్యవాసి సంగతి చెప్పనే యక్కఱలేదు.

రీచార్జి గడువు తీఱినవాడు సైతము ఆపత్కాలపు 112 నంబరునకు ఫోను చేయగలుగుట మన దేశమున నిప్పటికే యున్న ధర్మము. 2017 నుండి అమ్మెడి ప్రతి ఫోనునను ఆపద మీట యుండవలెనని కేంద్రమే శాసించినది. ఆ మీటకు ఆకాశమార్గమును గూడ తెఱచుటయే మా కోరిక: ఉపగ్రహ సౌకర్యము గల ఫోనును ఇచ్చట అమ్మువాడు, ఆ ఫోను పనిచేయునంతకాలము ఆపత్సందేశమును చందా లేకయే 112నకు చేర్పవలెనని లైసెన్సు షరతులలో వ్రాయవలయును. వ్యయమునకు సొమ్ము చాలనిచో, టెలికాం కంపెనీల రాబడినుండి కూడుచున్న డిజిటల్ భారత్ నిధి యున్నది. ఆకతాయి పిలుపులకు శిక్ష విధింపుడు; అందులకై అందఱిపై సుంకము వలదు.

ఫోనులకు నేరుగా నందు ఉపగ్రహసేవ మన దేశమున తొలిమెట్టుననే యున్నది గనుక, షరతులు వ్రాయించుకొనుట కిదియే అదను. టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్‌వారు ప్రజాభిప్రాయము కోరినపుడెల్ల మత్స్యకార సంఘములు, గ్రామపంచాయతీలు తీర్మానములు చేసి గడువులోపల పంపవలెను. కంపెనీల వకీళ్లు ఆ గడువును మఱచుట యెన్నడును లేదు.