సౌరవిద్యుత్తునకు కాపుదల: సంఘముల కర్తవ్యము

హైదరాబాదు పాతనగరమున, చార్మినారునకు సమీపమందున్న గుల్జారు హౌజు వద్ద 2025 మే 18వ తేది ఉదయమున ఒక గృహమునందు అగ్నిప్రమాదము సంభవించి 17 మంది మరణించిరి. వారిలో 8 మంది పిల్లలు. షార్టు సర్క్యూటు వలన నిప్పు పుట్టినట్లు అధికారులు ప్రాథమికముగా తెలిపిరి. అచ్చట సౌరవిద్యుత్తు ప్రసక్తి లేదు. ఐనను ఆ దుర్ఘటన నేర్పెడు పాఠము పట్టణమునకే పరిమితము కాదు. తీగ యున్నచోటనెల్ల లోపము కలుగవచ్చును. కలిగిన మరుక్షణమున కరెంటు తనంతట తానాగవలయును. అట్లాపెడు సాధనము సరిగా లేనిచో పాతనగరపు సందైనను, పల్లెలోని బావిగట్టైనను ఒక్కటియే.

ఈ సంగతి నిప్పుడు ప్రస్తావించుటకు కారణము కలదు. ఇంతవరకు మనము కరెంటును వాడుకొనువారమే. ఇకమీదట పుట్టించువారము కూడ కానున్నాము. 2019లో ప్రారంభమైన ప్రధానమంత్రి కుసుమ్ పథకములోని యొక భాగము క్రింద 500 కిలోవాట్లు మొదలు 2 మెగావాట్ల వరకు గల సౌరకేంద్రములను రైతులును, సహకార సంఘములును, పంచాయతీలును నెలకొల్పుకొనుటకు వీలు కల్పింపబడినది. దీనిని మేము మనఃపూర్వకముగ స్వాగతించుచున్నాము. కాని పలకలెన్ని, సహాయ ధనమెంత, అప్పెన్నడు తీఱును అను ప్రశ్నలతో పాటు, లోపము కలిగిననాడు కరెంటు నాపునదేది యను ప్రశ్నయు సభలో పుట్టవలయును.

ఫ్యూజు పెట్టితిమి, చాలదా యని కొందఱందురు. ఫ్యూజు ఎట్లు పనిచేయునో చూడుడు. హుస్సేనుసాగరు ఒడ్డున 1920లో వెలసి, పిమ్మట తొలగింపబడిన విద్యుత్కేంద్రము మొదలు నేటి పెద్ద కేంద్రముల వరకు, బరువైన యంత్రములు తిరుగుటచేత కరెంటు పుట్టుచున్నది. తీగకు తీగ తగిలినచో అట్టి యంత్రములనుండి మామూలునకు పెక్కు రెట్లు కరెంటు వఱదవలె వచ్చును. ఆ వఱద వేడికే ఫ్యూజుతీగ కరగి లైను తెగును.

సౌరకేంద్రమున తిరుగు యంత్రము లేదు. పలకల కరెంటు ఇన్వర్టరు ద్వారమున బయటికి రావలయును. ఇన్వర్టరు తన్ను తాను కాపాడుకొనుటకై, లోపము కలిగినను సాధారణముగా ఒకటిన్నర రెట్లకు, మహా యైన రెండు రెట్లకు మించి కరెంటు నీయదు. పొలములోని మోటారో, ప్రారంభమగునపుడే ఐదాఱు రెట్లు లాగును. దానికి తాళునట్లు వేసిన ఫ్యూజు, ఒకటిన్నర రెట్ల కరెంటుచే వెంటనే కరుగునా? చెఱువుకట్ట తెగిన చప్పుడు ఊరంతయు వినును; కుండకు చిల్లిపడినచో ఎవరికి వినబడును? తీగ తెగి పొలమున పడియున్నను దానిలో కరెంటు నడచుచుండునట్టి ప్రమాదము ఇందు కలదు.

రెండవ చిక్కు మఱియొకటి. పెద్ద లైను పోయినపుడు మామూలు సౌర ఇన్వర్టరు తానును ఆగిపోవలయును. స్తంభమెక్కిన లైన్‌మాను ప్రాణము దీనిమీదనే యాధారపడియున్నది. కాని, పెద్ద లైను పోయినను మా యూరికి వెలుతురుండవలయునని బ్యాటరీలు చేర్చి ఏర్పఱచుకొను చిన్న వలయమును మైక్రోగ్రిడ్డందురు. అది ముందుగా పెద్ద లైనుతో సంబంధము తెంచుకొని, పిమ్మటనే యూరికి కరెంటు నీయవలయును. పెద్ద లైనుతో కూడియున్నపుడు లోపపు కరెంటు మిక్కుటము, విడిపోయినపుడు స్వల్పము. అందుచేత ఒకే కొలత రెండు స్థితులకును సరిపడదు. పాతనగరమున పది మేడలవారు కూడి యిట్టి వలయము నేర్పఱచుకొన్నను ఇదియే చిక్కు.

విశ్వవిద్యాలయములలో డాక్టరేటు పట్టమునకై ఈ చిక్కుపైననే పరిశోధనలు సాగుచున్నవి. స్థితి మాఱినప్పుడెల్ల రిలే తన కొలతను తానే మార్చుకొనుట ఒక మార్గము. లైను రెండు కొనలయందును కరెంటును కొలిచి పోల్చుట వేఱొక మార్గము: తూమువద్ద విడిచిన నీరు మడికి చేరకున్నచో నడుమ గండి పడినదని మనమెఱుగమా? ఇవి మంచి యుపాయములే. కాని రెండు కొనల నడుమ వార్త తెగినచో రెండవ మార్గము కుంటుపడును. అదియుగాక, ఇట్టి పద్ధతులు పెక్కు కంప్యూటరులోని నమూనాలపై పరీక్షింపబడినవే. బురదలో నానిన స్తంభము, అతుకుల తీగ, ఒక్కమాఱుగా నడచు ఇరువది మోటార్లు నమూనాలో సులభముగా ఇముడునవి కావు. కావున 1918లో స్థాపితమైన ఉస్మానియా మొదలగు విశ్వవిద్యాలయముల పరిశోధకులు మన లైన్లపైకి రావలయుననియు, తాము కనుగొన్నది తెలుగున మనకు తెలుపవలయుననియు మేము కోరుచున్నాము. వారికి చోటిచ్చుట సంఘముల వంతు.

ఖర్చు పెరుగునని కొందఱు సంశయింపవచ్చును. పెరుగును, నిజమే. పంటకు కంచె వేయుట కూడ ఖర్చే. అయినను కంచె లేని తోటపై ఎవరును ఆశ పెట్టుకొనరు. సౌరకేంద్రము నెలకొల్పదలచిన ప్రతి సంఘమును ఈ క్రింది విషయములను తీర్మానించుకొనుట మేలని మా యభిప్రాయము.

అంచనాలో కాపుదల సాధనముల ఖర్చును వేఱుగా చూపింపవలయును. మైక్రోగ్రిడ్డైనచో, కూడియున్న స్థితిలోను, విడిపోయిన స్థితిలోను లోపము కలిగినపుడు కరెంటు ఆగునని పరీక్షించి చూపినగాని గుత్తేదారునకు కడపటి సొమ్ము చెల్లింపరాదు. లైన్‌మాను కంటితో చూచి, విప్పి, తాళము వేసికొనదగిన స్విచ్చి యొకటి యుండవలయును. ఎర్తింగును ఏటేట కొలిపింపవలయును. మెయిను స్విచ్చి తీసినను, ఎండ యున్నంతవఱకు పలకల తీగలలో కరెంటు పొంచియుండునని సభ్యులందఱికిని తెలుపవలయును. కాలిన ఫ్యూజునకు మాఱుగా దొరికిన లావుతీగ చుట్టు నలవాటును సంఘమే నిషేధింపవలయును.

సంఘ ధనము పోయినచో మరల కూడబెట్టుకొనవచ్చును. బావికడ పోయిన ప్రాణము రాదు. సభ్యులు రాబోవు సర్వసభ్య సమావేశమున పలకల బేరమునకు ముందే ఈ విషయమును చర్చించి తీర్మానింతురుగాక.