తాగినదాని సాక్ష్యం

"తాగినదాని మాట ఎవరు నమ్ముతారమ్మా!" అంటూ మా వదిన పుస్తకం బల్లమీద పడేసింది.

అది పౌలా హాకిన్స్ 2015లో రాసిన 'ది గర్ల్ ఆన్ ది ట్రైన్'. బెజవాడ నుంచి బందరు పాసింజరులో వెళ్తూ చదివి, బాగుందని ఇచ్చిన పాపానికి ఈ మాట పడ్డాను. అందుకే నా వాదన ఇక్కడ పెట్టుకుంటున్నాను. (ముగింపు చెప్పేస్తున్నాను, చదవబోయేవారు క్షమించాలి.)

రేచల్‌కి విడాకులయ్యాయి. తాగుడు అలవాటయింది, ఉద్యోగం ఊడింది. అయినా పనికి వెళ్తున్నట్టే రోజూ లండన్ రైలెక్కుతుంది. గుడివాడ దాటాక మన బండి కిటికీలోంచి పెరళ్లూ, ఆరేసిన చీరలూ కనిపించినట్టే ఆవిడకీ ఇళ్ల వెనక భాగాలు కనిపిస్తాయి. అక్కడి మనుషుల చుట్టూ కథలల్లుకుంటుంది. వాళ్లలో మేగన్ అనే అమ్మాయి మాయమవుతుంది. ఆ రాత్రి రేచల్ అక్కడే ఉంది, కానీ ఏం చూసిందో గుర్తులేదు.

ఇలాంటివాళ్లని విమర్శకులు 'నమ్మదగని కథకులు' అంటారు. వేన్ బూత్ అనే అమెరికన్ ప్రొఫెసరుగారు 1961లో తెచ్చిన మాట. మాట మంచిదే. దాన్ని ఎవరికి తగిలిస్తున్నామన్నదే నా పేచీ.

రేచల్ అబద్ధాలాడదా? ఆడుతుంది. మేగన్ స్నేహితురాలినని ఆమె భర్తతోనే చెబుతుంది. కానీ తన గురించి తను నమ్మిన పెద్ద అబద్ధం ఆవిడ పుట్టించింది కాదు. తాగి పడుకున్న మర్నాడు, రాత్రి ఏం జరిగిందో మొగుడు టామ్ చెప్పేవాడు. గోల్ఫు కర్ర పట్టుకుని నా మీదికొచ్చావన్నాడు. పాపం, నమ్మింది, సిగ్గుతో చచ్చిపోయింది. తీరా జ్ఞాపకం తిరిగొస్తే కర్ర పట్టింది ఆయన! మేగన్‌ని చంపిందీ ఆయనే. నవల్లో కథ చెప్పేది రేచల్, మేగన్, ఆనా, ముగ్గురూ ఆడవాళ్లే. టామ్‌కి ఒక్క ప్రకరణం కూడా లేదు. అయినా రేచల్ నోట మనం వినేది చాలావరకు ఆయన కల్పనే. మరి నమ్మదగని కథకుడెవరండీ?

ఇదేమీ లండన్ వింత కాదు. రాత్రి చెయ్యి చేసుకుని, తెల్లారాక "నువ్వే తూలి గడపకి కొట్టుకున్నావు" అనే మొగుళ్లని మనమెరగమా? వీధి వీధంతా ఆ మాటే నమ్ముతుంది. తాగింది ఆయనైనా సరే, సాక్ష్యానికి పనికిరానిది మాత్రం ఆవిడ!

డాఫ్నె డు మోరియే 'రెబెక్కా' (1938) చూడండి. రెబెక్కా ఎంత చెడ్డదో మనకి ముఖ్యంగా చెప్పేదెవరు? ఆవిడని కాల్చి చంపిన భర్త. కిమ్మనకుండా నమ్మాం. 1940లో హిచ్‌కాక్ సినిమా తీసినప్పుడు, హంతకుడు శిక్ష లేకుండా పోతే అక్కడి సెన్సారు నియమాలు ఒప్పుకోవు గనక, హత్యని కాస్తా ప్రమాదం చేశారు. భర్తగారు అలా కూడా గట్టెక్కారు.

మా బందరు రైలు దారిలో గుడ్లవల్లేరు దగ్గర అంగలూరుంది, గోపీచంద్ పుట్టిన ఊరు. ఆయన 'అసమర్థుని జీవయాత్ర' సస్పెన్స్ నవల కాదు గానీ, ఇంటి గోడల మధ్య భయం అందులోనూ ఉంది. ఆస్తి పోగొట్టుకున్న సీతారామారావు మనసులోంచే కథ చూస్తాం. భార్య ఇందిర మీద విరుచుకుపడినా కారణాలు ఆయనవే వింటాం. గోపీచంద్ ఆయన్ని వెనకేసుకు రాలేదు, పేరులోనే అసమర్థుడన్నాడు. జాలిపడింది మనమే. మనోవైజ్ఞానిక నవల అని నాకు చెప్పినవాళ్లున్నారు, ఆయన మాట నమ్మకమ్మా అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

"మరి 'గాన్ గర్ల్'లో ఎమీ దొంగ డైరీ రాయలేదా?" అంది వదిన. 2012 నాటి ఆ నవల తనే నాకిచ్చింది. రాసింది, నిజమే. ఆవిడ మొగుడు నిక్ కూడా తన ప్రియురాలి సంగతి మన దగ్గర చాలాసేపు దాచాడుగా! వదినకి డైరీ గుర్తుంది, ప్రియురాలు గుర్తులేదు.

పుస్తకం మళ్లీ తీసుకెళ్లింది. ఈసారి టామ్ చెప్పిన మాట వచ్చినచోటల్లా పెన్సిలుతో గీత పెట్టమన్నాను. లైబ్రరీది కాదు లెండి, నాదే.