విమానాశ్రయానికి ఎర్రబస్సు పోకూడదా?

పట్నంలో ఎవరినైనా వెక్కిరించాలంటే "ఎర్రబస్సెక్కి వచ్చావా?" అంటారు. ఇంటర్ అయ్యాక హైదరాబాద్ వెళ్ళిన మన హాస్టల్ అన్నలు ఈ మాట ఒక్కసారైనా పడే ఉంటారు. నిజమే, మనం ఎర్రబస్సెక్కే వెళ్ళాం. దర్శి చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళ పిల్లలకు ఆ బస్సే లేకపోతే హైస్కూలు చదువే లేదు. బస్సు రంగులు ఎప్పుడో మారాయి, పల్లెవెలుగు అని మంచి పేరూ పెట్టారు, వెక్కిరింత మాత్రం మిగిలింది. ఈ వార్షికోత్సవ సంచికలో నేను అడగదలచుకున్న ప్రశ్న ఆ బస్సు గురించే. అది విమానాశ్రయం దాకా ఎందుకు పోదు?

"విమానాశ్రయంతో మనకేం పని?" అని చదివే తమ్ముళ్ళు అనుకోవచ్చు. పని ఉంది. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. పూర్ణకు అప్పటికి పదమూడేళ్ళు. దళిత విద్యార్థులు పై దేశాల్లో చదువుకోవడానికి ప్రభుత్వం సాయం చేసే పథకాలు వచ్చాయి. ప్రభుత్వాలతో పాటు వాటి పేర్లు మారుతుంటాయి, అది వేరే సంగతి. నర్సింగ్ చదివిన అక్కలు, ఐటిఐ చేసిన అన్నలు గల్ఫ్ దేశాలకు పోతున్నారు. ఇక విమానాశ్రయంలో నేల తుడిచేవాళ్ళు, సామాన్లు మోసేవాళ్ళు, రాత్రంతా నిలబడి కాపలా కాసేవాళ్ళు ఎక్కడివాళ్ళు? వాళ్ళకు కార్లున్నాయా? విమానాశ్రయం అంటే కారున్నవాళ్ళదే అన్న ఆలోచన మన మనసుల్లో కంటే ముందు ఆ దారులు గీసినవాళ్ళ మనసుల్లో ఉంది.

హైదరాబాద్ సంగతే చూద్దాం. పాత విమానాశ్రయం బేగంపేటలో, ఊరి నడిబొడ్డున ఉండేది. గేటు ముందే సిటీ బస్సు ఆగేది, రైలు స్టేషను దగ్గరే. 2008 మార్చి 23 నుంచి విమానాలన్నీ శంషాబాద్ వెళ్ళిపోయాయి. ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో, దాదాపు ఐదున్నర వేల ఎకరాల్లో కొత్త విమానాశ్రయం కట్టారు. పెద్దదే, అందమైనదే. అక్కడికి చేరడానికి ముందుగా ఏం కట్టారో గమనించండి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్ల పైచిలుకు పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే. 2009 అక్టోబరులో తెరిచారు. కార్ల కోసం వంతెన ఏడాదిన్నరలో వచ్చేసింది. రైలు ఎప్పుడొచ్చింది? ఎంఎంటీఎస్ రెండో దశ ఆలోచనలో విమానాశ్రయం పేరు ఉన్నా, 2023 ఏప్రిల్‌లో ఆ రైలు ఉందానగర్ దాకా వచ్చి అక్కడే ఆగింది. అక్కడ దిగినవాడికి విమానాశ్రయం ఇంకా కొన్ని కిలోమీటర్లు. పెట్టె నెత్తిన పెట్టుకుని నడవలేడు కదా!

మెట్రో కథ ఇంకా చిత్రం. 2022 డిసెంబరు 9న రాయదుర్గం నుంచి శంషాబాద్‌కు 31 కిలోమీటర్ల మెట్రోకు శంకుస్థాపన చేశారు. ఖర్చు 6,250 కోట్లన్నారు. ఏడాది తిరగ్గానే ప్రభుత్వం మారింది, దారీ మారింది. నాగోలు, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా అన్నారు. నన్నడిగితే ఈ మార్పు మంచిదే. మొదటి దారి ఐటీ కంపెనీల వైపు నుంచి, రెండోది పాతబస్తీ వైపు నుంచి, మన బస్సులు దిగే ఎల్బీనగర్ వైపు నుంచి. కానీ 2025 పూర్తయ్యేనాటికి కూడా పట్టాలు పడలేదు. మంచి దారైనా కాగితం మీద ఉంటే దాని మీద ఎవరూ ప్రయాణం చేయలేరు.

మరి ఉన్నదేమిటి? పుష్పక్ బస్సులు. ఆర్టీసీని మెచ్చుకోవలసిన చోట మెచ్చుకోవాలి. రాత్రివేళ కూడా నడుస్తాయి, సామాన్లకు చోటుంటుంది, 2019 నుంచి కరెంటు బస్సులు కూడా దించారు. పేరు కూడా బాగుంది. పుష్పక విమానంలో ఎందరు ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని మన పెద్దవాళ్ళు చెబుతారు. ఈ పుష్పక్‌లో చోటుంటుంది గానీ టిక్కెట్టు సిటీ ఆర్డినరీ టిక్కెట్టుకు ఎన్నో రెట్లు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలుపెట్టారు. అది పల్లెవెలుగుకు, ఎక్స్‌ప్రెస్‌కు, సిటీ బస్సులకు వర్తించింది, పుష్పక్‌కు కాదు. ఏసీ బస్సు వద్దని నేననడం లేదు. ఏసీ బస్సు వెనకాలే ఒక మామూలు బస్సు కూడా టెర్మినల్ ముందుకు రావాలంటున్నాను.

నాకంటే నాలుగేళ్ళు ముందు చదివిన అన్న ఒకరు కువైట్‌లో ఎలక్ట్రీషియన్ పనికి వెళ్ళాడు. విమానం తెల్లవారుజామున. సాగనంపడానికి వాళ్ళ నాయన కూడా వెళ్ళాడు. మిరపకాయలు అమ్మిన డబ్బులు, వడ్డీకి తెచ్చిన డబ్బులు కలిపి టిక్కెట్టు కొన్నారు. ఎల్బీనగర్‌లో దిగి విమానాశ్రయం బస్సు ఎక్కడాగుతుందని ముగ్గుర్ని అడిగితే ముగ్గురూ మూడు వైపులు చూపించారట. చివరికి ఆటో మాట్లాడుకున్నారు. ఆటో అతను శంషాబాద్ ఊళ్ళో దింపి ఇక్కడిదాకే అన్నాడు. అక్కడి నుంచి కారు. ఆ రెండింటికీ కలిపి పోసిన డబ్బు దర్శి నుంచి హైదరాబాద్ బస్సు టిక్కెట్టు కంటే ఎక్కువ. కొడుకు లోపలికి పోయాక తిరిగి రావడానికి ఏం ఎక్కాలో తెలియక ఆ పెద్దాయన తెల్లారేదాకా బయట గట్టు మీద కూర్చున్నాడు. "నాయనా, నువ్వు ఊరు చేరావా?" అని కువైట్‌లో దిగినవాడు ఫోన్ చేసేసరికి ఆయన ఇంకా నల్గొండ కూడా దాటలేదు. ఇందులో తప్పు ఆటోవాళ్ళదో కారువాళ్ళదో అని నేననను. బస్టాండులో తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక బోర్డు ఉంటే ఈ తిప్పలు సగం తప్పేవి.

ఇలా కాకుండా ఇంకెలా ఉండొచ్చో చూడాలంటే పెద్ద దూరం పోనక్కర్లేదు. ఒంగోలులో మద్రాసు రైలెక్కండి. సెంట్రల్‌లో దిగి రోడ్డు దాటితే పార్క్ స్టేషను. అక్కడ తాంబరం వైపు పోయే లోకల్ ఎక్కితే తిరుసూలం అని స్టేషను వస్తుంది. దానికి ఎదురుగానే విమానాశ్రయం. ఆ లోకల్ టిక్కెట్టు ఒక టీ ఖర్చుకు అటూ ఇటుగా ఉంటుంది. 2016లో మెట్రో కూడా వచ్చింది. డబ్బున్నవాళ్ళకు మెట్రో, కారు. లేనివాళ్ళకు లోకల్. రెండు దారులూ ఒకే గుమ్మం దగ్గరకు వెళతాయి. లండన్‌లో 1977లోనే హీత్రూ విమానాశ్రయానికి భూగర్భ రైలు వేశారు. ఊళ్ళో జనం రోజూ ఎక్కే రైలు మార్గమే పొడిగించారు తప్ప అప్పట్లో విమానమెక్కేవాళ్ళకని వేరే రైలు పెట్టలేదు. అక్కడ పని చేసేవాళ్ళూ, విమానమెక్కేవాళ్ళూ ఒకే పెట్టెలో కూర్చుని వెళతారు.

"ఖాళీ బస్సులు నడిపితే ఆర్టీసీకి నష్టం రాదా?" అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. శంషాబాద్ మీదుగా ఏటా రెండున్నర కోట్ల మందికి పైగా ప్రయాణిస్తున్నారు. వాళ్ళను దింపడానికి వచ్చేవాళ్ళు, మూడు షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు ఈ లెక్కలోకి రారు. వీళ్ళలో కొద్దిమంది ఎక్కినా బస్సు నిండుతుంది. పైగా నష్టం అనే మాట కార్ల కోసం వంతెన కట్టేటప్పుడు ఎవరికీ గుర్తు రాదు. బస్సు అనేసరికి గుర్తొస్తుంది.

ఇక మన రాష్ట్రం. గన్నవరం విమానాశ్రయం విజయవాడకు ఇరవై కిలోమీటర్ల దూరంలో 16వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉంది. 2017లో అంతర్జాతీయ హోదా కూడా ఇచ్చారు. ఆ రోడ్డు మీద ఏలూరు వైపు, హనుమాన్ జంక్షన్ వైపు ఎన్ని బస్సులు పోతాయో లెక్క లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో టిక్కెట్టు లేదు. అంటే దర్శిలో బయలుదేరిన నర్సు అక్క ఒక్క రూపాయి ఇవ్వకుండా విమానాశ్రయం ఎదురుగా రోడ్డు మీద దిగొచ్చు! ఆ రోడ్డు నుంచి టెర్మినల్ దాకా ఉన్న కాస్త దూరమే మిగిలింది. అటు పోయే బస్సుల్లో గంటకు ఒకటి లోపలికి తిరిగి బయటకు వస్తే ఆ దూరం కూడా తీరుతుంది. కొత్త రోడ్డు అక్కర్లేదు, కొత్త బస్సు కూడా అక్కర్లేదు.

కర్ణాటక ఆర్టీసీ మైసూరు నుంచి నేరుగా బెంగళూరు విమానాశ్రయానికి బస్సులు నడుపుతోంది. మనకూ అలాంటిది సాధ్యమే. ఒంగోలు నుంచి అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారి మీదుగా పెద్ద అంబర్‌పేట చేరితే, అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఊళ్ళోకి పోకుండానే శంషాబాద్ వెళ్ళొచ్చు. రాత్రికి ఒక్క సర్వీసు చాలు, అది కూడా ఎక్స్‌ప్రెస్ టిక్కెట్టు మీద. దర్శి రైలు సంగతి ఎందుకు రాయలేదని అడగకండి. మంజూరైన 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి లైను ముక్కలు ముక్కలుగా వేస్తూనే ఉన్నారు. దాని మీద వ్యాసం రాయాలంటే వేరే సంచిక కావాలి.

మన ప్రాంతానికి విమానాలు కొత్తవి కావు. దొనకొండలో బ్రిటిష్ వాళ్ళు రెండో ప్రపంచ యుద్ధం నాడు విమానాలు దిగే స్థలం కట్టుకున్నారు. 2024 మార్చి 18న అద్దంకి దగ్గర, మన బస్సులు పోయే జాతీయ రహదారి మీదనే వైమానిక దళం వాళ్ళ రవాణా విమానాలు దిగి మళ్ళీ లేచాయి. అత్యవసర సమయాల కోసం ఆ రోడ్డును అలా కట్టారు, ఆ రోజు బస్సులను ఆపి దారి మళ్ళించారు. బస్సుల రోడ్డు మీదకు విమానం రాగలిగింది. విమానాల వాకిట్లోకి బస్సు రావడానికి ఆ పాటి ఏర్పాటు చేయలేరా?

ఒంగోలు ఆర్టీసీ అధికారులకు, విజయవాడ అధికారులకు రెండు అర్జీలు రాసి ఉంచాను. మొదటిది రాత్రి బస్సు గురించి, రెండోది గన్నవరం మలుపు గురించి. వార్షికోత్సవం రోజున అవి భోజనాల హాలు బయట బల్ల మీద ఉంటాయి. పెన్ను కూడా అక్కడే ఉంటుంది.